ఐదో నెల – ఇన్‌హేలర్ ఆపేయమంటున్నారు, ఆయాసం పెరిగింది

మల్లెతీగ (ఖమ్మం):
నమస్కారం. నాకు 19వ వారం నడుస్తోంది, తొలి కాన్పు. ఉబ్బసం చిన్నప్పటి నుంచీ ఉంది. ఫోరాకార్ట్ 200 ఇన్‌హేలర్ పొద్దున ఒక పఫ్, రాత్రి ఒక పఫ్ వాడేదాన్ని, ఆయాసం వచ్చి అవసరమైతే ఆస్థాలిన్ ఇన్‌హేలర్. అందులో స్టెరాయిడ్ ఉందని, కడుపులో బిడ్డకు మంచిది కాదని ఇంట్లో అందరూ అనడంతో మూడో నెలలో ఫోరాకార్ట్ ఆపేశాను. ఇప్పుడు వారంలో మూడు రాత్రులు దగ్గుతో మెలకువ వస్తోంది, పిల్లికూతలు వినిపిస్తున్నాయి. ఆస్థాలిన్ రోజూ నాలుగైదు పఫ్‌లు పడుతోంది. మందుల షాపులో ఆయాసానికని చిన్న తెల్ల బిళ్ళలు ఇచ్చారు, ఇంకా వేసుకోలేదు. గైనకాలజిస్ట్ రాసిన ఎకోస్ప్రిన్ 75 (ఆస్పిరిన్ బిళ్ళ) రాత్రిపూట వేసుకుంటున్నాను.

నా ప్రశ్నలు: ఫోరాకార్ట్ మళ్ళీ మొదలుపెట్టవచ్చా? ఆస్థాలిన్ ఒక్కదానితో నెట్టుకు రాలేమా? ఇది అసలు ఉబ్బసమేనా, కడుపు పెరగడం వల్ల వచ్చే ఆయాసమా? కాన్పు సమయంలో ఎటాక్ వస్తే ఏంటి పరిస్థితి?

ఊపిరి (ఛాతీ వైద్యుడు, వరంగల్):
అమ్మా, ఫోరాకార్ట్ ఇవాళ రాత్రి నుంచే మొదలుపెట్టండి. మీకు రాసిన పాత మోతాదే, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. రేపో ఎల్లుండో మీ ఛాతీ డాక్టర్‌కు చూపించుకోండి. వారంలో మూడు రాత్రులు మెలకువ వస్తోందంటే ఉబ్బసం అదుపు తప్పినట్టే. మోతాదు పెంచాలా వద్దా అన్నది పరీక్ష చేశాక తేలుతుంది. ఆ షాపు బిళ్ళలు మాత్రం వేసుకోకండి, వాటి సంగతి కింద చెబుతాను.

గర్భంతో ఉన్నప్పుడు ఉబ్బసం స్థూలంగా మూడింట ఒక వంతు మందికి తగ్గుతుంది, ఒక వంతు మందికి అలాగే ఉంటుంది, మిగతా వాళ్ళకు పెరుగుతుంది. పెరిగేవాళ్ళలో ఎక్కువమందికి 24 నుంచి 36 వారాల మధ్య ఇబ్బంది వస్తుంది. చివరి నెలలో సాధారణంగా నెమ్మదిస్తుంది. మీరు 19లో ఉన్నారు, అంటే గడ్డుకాలం ఇంకా ముందుంది. దానికి మందు లేకుండా ఎదురెళ్ళకూడదు. ఈ నెలల్లో వచ్చే ఎటాక్‌లకు వైరల్ జలుబు ఒక కారణమైతే, రెండోది మీరు చేసిన పనే: భయపడి రోజువారీ ఇన్‌హేలర్ మానేయడం.

ఇక స్టెరాయిడ్ భయం. ఫోరాకార్ట్ 200లో రెండు మందులుంటాయి: గాలి గొట్టాలను వదులు చేసే ఫార్మోటెరాల్ 6 మైక్రోగ్రాములు, స్టెరాయిడ్ అయిన బ్యుడెసొనైడ్ 200 మైక్రోగ్రాములు. రోజుకు రెండు పఫ్‌లంటే బ్యుడెసొనైడ్ 400 మైక్రోగ్రాములు, మిల్లీగ్రాములో సగం కూడా కాదు. పెద్దవాళ్ళ లెక్కలో ఇది తక్కువ మోతాదే. 400 దాటి 800 వరకు మధ్యస్థం, 800 దాటితే ఎక్కువ. అదే ఇన్‌హేలర్ మానేసి గట్టి ఎటాక్ తెచ్చుకుంటే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ బిళ్ళలు రోజుకు 40 మిల్లీగ్రాములు 5 నుంచి 7 రోజులు మింగాల్సి వస్తుంది. రెండు మందుల బలం ఒకటి కాదు కాబట్టి మిల్లీగ్రాములతో సూటిగా పోల్చడం సరికాదు. కానీ ఊపిరితిత్తుల్లోకి పీల్చేది ఎక్కడ, రక్తంలోకి మింగేది ఎక్కడ! గర్భిణుల విషయంలో పీల్చే స్టెరాయిడ్లన్నిటిలోకీ ఎక్కువ సమాచారం ఉన్నది బ్యుడెసొనైడ్ మీదే. స్వీడన్ జాతీయ జనన నమోదుల్లో తొలి నెలల్లో దాన్ని పీల్చిన వేలాది తల్లుల వివరాలు చూశారు, బిడ్డల్లో పుట్టుక లోపాలు పెరిగినట్టు కనిపించలేదు. వేరే పీల్చే స్టెరాయిడ్‌తో, ఉదాహరణకు సెరోఫ్లో ఇన్‌హేలర్‌లోని ఫ్లూటికసోన్‌తో, అదుపులో ఉన్నవాళ్ళు గర్భం వచ్చిందని మందు మార్చుకోనక్కర్లేదు. కుదురుగా ఉన్న మందును కదిలించకపోవడమే మేలు. మోతాదు తగ్గించే ప్రయత్నాలు కూడా కాన్పయ్యాకే.

అదుపులో లేని ఉబ్బసం వల్లనే నష్టం: తల్లికి బీపీ పెరగడం, నెలలు నిండకముందే కాన్పు, బిడ్డ బరువు తక్కువగా పుట్టడం. బిడ్డకు ఆక్సిజన్ అందేది తల్లి రక్తం నుంచే, వేరే దారి లేదు.

ఆస్థాలిన్ ఒక్కదానితో నెట్టుకు రావడం గురించి. అందులో ఉన్నది సాల్బుటమాల్, పఫ్‌కు 100 మైక్రోగ్రాములు. బిగుసుకున్న గాలి గొట్టాలను నాలుగు గంటల పాటు వదులు చేస్తుంది, అంతే. లోపలి వాపును తాకదు. వాపు పెరుగుతూ పోతుంటే ఉపశమనం ఇచ్చే సమయం తగ్గుతూ వస్తుంది. గర్భంతో ఉన్నా లేకపోయినా, ఏడాదిలో 200 పఫ్‌ల డబ్బాలు మూడు ఖాళీ అయ్యాయంటే పెద్ద ఎటాక్ ముప్పు పెరిగినట్టే. రోజుకు ఐదు పఫ్‌లంటే మీకు 40 రోజులకో డబ్బా అయిపోతుంది.

మరో పద్ధతి ఉంది. ఫార్మోటెరాల్ త్వరగా పనిచేస్తుంది కాబట్టి, రోజువారీ మోతాదుతో పాటు ఆయాసం వచ్చినప్పుడు కూడా ఆస్థాలిన్‌కు బదులు ఫోరాకార్ట్ 200నే ఒక పఫ్ తీసుకోవడం. కొన్ని నిమిషాల్లో తగ్గకపోతే ఇంకొకటి. రోజు మొత్తం మీద, పొద్దున, రాత్రి పఫ్‌లు కలిపి, 12కు మించకూడదు. అంతవరకు వెళ్ళారంటే ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. ఈ పద్ధతి డాక్టర్ రాసిస్తేనే. సాల్మెటెరాల్ ఉన్న సెరోఫ్లోతో ఇలా చేయకూడదు, అది నెమ్మదిగా పనిచేసే మందు.

తెల్ల బిళ్ళలు. ఆయాసానికని షాపుల్లో చేతికిచ్చే చిన్న తెల్ల బిళ్ళ చాలాసార్లు బీటామెథసోన్ గానీ డెక్సామెథసోన్ గానీ అయ్యుంటుంది, రెండూ స్టెరాయిడ్లే. ఉబ్బసం ఎటాక్‌కు గర్భిణికి మేం రాసేది ప్రెడ్నిసొలోన్. ఎందుకంటే మాయలో (ప్లాసెంటాలో) ఉండే ఒక ఎంజైమ్ ప్రెడ్నిసొలోన్‌ను చాలావరకు పనిచేయని రూపంలోకి మార్చేస్తుంది, బిడ్డకు చేరేది దాదాపు పదో వంతు. బీటామెథసోన్, డెక్సామెథసోన్‌లను ఆ ఎంజైమ్ అంతగా ఆపలేదు, అవి బిడ్డ దాకా వెళతాయి. నెలలు నిండకముందే కాన్పు అయ్యేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తులు ముదరడానికి గైనిక్ డాక్టర్లు ఆ ఇంజెక్షన్లే ఇచ్చేది అందుకే, అక్కడ బిడ్డకు చేరడమే కావాలి. ఆయాసానికి వారాల తరబడి వాటిని మింగడం వేరే సంగతి. షాపువాళ్ళిచ్చింది ఏదో స్ట్రిప్ మీద పేరు చదివితే తెలుస్తుంది. స్ట్రిప్ లేకుండా పొట్లం కట్టిచ్చినవైతే పారేయండి.

తంగేడు:
ఊపిరి గారు, కడుపు ఆయాసం సంగతి వదిలేశారు. నేను ఊపిరితిత్తుల పరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని, ఆ ముక్క నేను చెబుతాను.

గర్భిణుల్లో సగానికి పైగా ఏదో ఒక దశలో ఆయాసంగా ఉందంటారు, ఏ జబ్బూ లేకపోయినా. ప్రొజెస్టెరాన్ శ్వాసను లోతుగా చేస్తుంది, మూడో నెలలోనే, పొట్ట కనిపించకముందే మొదలవుతుంది. ఈ ఆయాసంలో దగ్గు ఉండదు, పిల్లికూతలు ఉండవు, రాత్రి రెండు మూడు గంటలకు నిద్రలోంచి లేపదు. మీకు ఆ మూడూ ఉన్నాయి కాబట్టి అనుమానం అక్కర్లేదు.

ఇంట్లో తేల్చుకోవడానికి పీక్ ఫ్లో మీటర్ (గాలి ఎంత జోరుగా ఊదగలరో కొలిచే పరికరం) ఒకటి కొనండి, కొన్ని వందల రూపాయల వస్తువు. పొట్ట ఎంత పెరిగినా ఆరోగ్యంగా ఉన్న గర్భిణికి పీక్ ఫ్లో పెద్దగా తగ్గదు. అందుకే అది తగ్గితే తప్పు పొట్టది కాదు, గాలి గొట్టాలది. ముల్లు సున్నా దగ్గర పెట్టి, నిలబడి, నిండా గాలి పీల్చి, పెదవులు గట్టిగా మూసి ఒక్క ఊపులో ఊదాలి. కొవ్వొత్తి ఆర్పినట్టు బుగ్గలతో ఊదితే అంకె తప్పు వస్తుంది. మూడుసార్లు ఊది అన్నిటికన్నా పెద్ద అంకె రాసుకోవాలి, సగటు కాదు. పొద్దున, సాయంత్రం, ఇన్‌హేలర్‌కు ముందు.

ఉబ్బసం అదుపులోకి వచ్చాక రెండు వారాల్లో వచ్చిన అత్యధిక అంకె మీ సొంత గరిష్ఠం. చార్టులో ఉండే అంకె కాదు, మీది. అది 360 అనుకోండి: 290 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఫర్వాలేదు. 180కీ 290కీ మధ్య ఉంటే డాక్టర్ రాసిచ్చిన ప్రణాళిక ప్రకారం మందు పెంచి, ఫోన్ చేయాలి. 180 కన్నా తగ్గితే ఆస్పత్రికి బయలుదేరాలి. ఎక్కువ, తక్కువ అంకెల మధ్య తేడా రోజురోజుకూ పెరుగుతున్నా అది హెచ్చరికే, సగటు బాగానే కనిపించినా.

రక్తం ఎంతుందో కూడా చూసుకోండి. హిమోగ్లోబిన్ 8 ఉన్నవాళ్ళు మెట్లెక్కితే వచ్చే ఆయాసానికి ఇన్‌హేలర్ పనిచేయదు. ఇంకో రెండు మాత్రం ఉబ్బసం ఖాతాలో వేయకూడనివి: పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవాల్సి రావడం, పాదాలకు బాగా నీరు పట్టడం గుండె వైపు చూపిస్తాయి. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టి, హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే రక్తం గడ్డ అనుమానం. ఈ రెండింటికీ పఫ్‌లు కొడుతూ ఇంట్లో కూర్చోకూడదు.

చుక్కలమందు (ఫార్మసిస్ట్, విజయవాడ):
పై ఇద్దరూ మందు గురించి చెప్పారు. మందు లోపలికి వెళుతోందా అన్నది నాకు పెద్ద ప్రశ్న. షాపులో ఖాళీ ఇన్‌హేలర్ ఇచ్చి చేసి చూపించమంటే సరిగా చేసేవాళ్ళు తక్కువ. "మందు పనిచేయట్లేదు" అనేవాళ్ళలో చాలామంది మందు నాలుక మీదే మిగిలిపోతోంది.

నొక్కే ఇన్‌హేలర్ వాడేటప్పుడు: మూత తీసి లోపల దుమ్ము, బియ్యపు గింజ లాంటివి లేవని చూసుకోండి. బాగా ఊపండి. కొత్త డబ్బా అయినా, కొన్ని రోజులు వాడకపోయినా ముందు రెండుసార్లు గాల్లోకి కొట్టి వదిలేయండి. ఊపిరి పూర్తిగా వదిలి, పెదవులతో గట్టిగా పట్టుకుని, నెమ్మదిగా పీల్చడం మొదలుపెట్టిన క్షణంలోనే ఒక్కసారి నొక్కాలి. నొక్కాక కూడా నాలుగైదు సెకన్లు పీలుస్తూనే ఉండాలి. తర్వాత పది సెకన్లు ఊపిరి బిగపట్టాలి. రెండో పఫ్ కావాలంటే అర నిమిషం నుంచి నిమిషం ఆగి, మళ్ళీ ఊపి. ఎక్కువగా జరిగే పొరపాటు: నొక్కిన తర్వాత పీల్చడం. రెండోది: ఎగబీల్చడం, అంటే జోరుగా లాగడం. జోరుగా లాగితే తుంపర గొంతు వెనక గోడకు కొట్టుకుని అక్కడే ఆగిపోతుంది.

ఈ నొక్కడం, పీల్చడం కుదరని వాళ్ళకు, నన్నడిగితే అందరికీ, స్పేసర్ తప్పనిసరి. జీరోస్టాట్ లాంటి రెండు ముక్కల డబ్బా. ఒక పఫ్ అందులోకి కొట్టి నెమ్మదిగా ఒక్క నిండు శ్వాస, లేదా మామూలుగా నాలుగైదు శ్వాసలు. ఒక్కసారికి ఒక్క పఫ్ మాత్రమే. రెండు మూడు కలిపి కొడితే కణాలు ఒకదానికొకటి అంటుకుని గోడలకు పట్టేస్తాయి. స్పేసర్‌ను వారానికోసారి గోరువెచ్చని సబ్బునీళ్ళలో ముంచి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరబెట్టాలి. మామూలు ప్లాస్టిక్‌ను తుడిస్తే స్థిర విద్యుత్ పుట్టి మందు గోడలకు అంటుకుంటుంది.

రోటాక్యాప్‌లు వాడేవాళ్ళకు నియమం తలకిందులు. రోటాహేలర్‌లో పొడి ఉంటుంది, తుంపర ఉండదు. అందుకని జోరుగా, లోతుగా లాగాలి. పెట్టేముందు దాంట్లోకి ఊదకూడదు, తేమకు పొడి ముద్దకడుతుంది. క్యాప్సూల్ పారదర్శకమైన భాగం కిందికి ఉండేలా చతురస్రపు గుంటలో నొక్కి, అడుగు భాగం తిప్పి, అది విడిపోయిందని చూసి పీల్చాలి. పొడి మిగిలితే మళ్ళీ పీల్చాలి. క్యాప్సూల్‌ను మింగేవాళ్ళూ ఉన్నారు, నవ్వకండి, అమ్మేటప్పుడు చూపించకపోతే అలాగే జరుగుతుంది. ఇంకో సంగతి: గట్టి ఎటాక్‌లో జోరుగా లాగే బలం ఉండదు. అందుకే రోటాహేలర్ వాడేవాళ్ళు కూడా ఇంట్లో ఒక ఆస్థాలిన్ ఇన్‌హేలర్, స్పేసర్ పెట్టుకోవాలి.

ఫోరాకార్ట్, బ్యుడెకార్ట్ లాంటి స్టెరాయిడ్ ఇన్‌హేలర్లు వాడిన ప్రతిసారీ నీళ్ళు పుక్కిలించి ఉమ్మేయండి, మింగకండి. లేకపోతే నోట్లో తెల్ల పూత, గొంతు బొంగురు. పళ్ళు తోముకునే ముందు పఫ్ తీసుకునే అలవాటు చేసుకుంటే పొద్దున, రాత్రి పుక్కిలింత దానంతటదే అయిపోతుంది.

డబ్బాలో ఎంత మిగిలిందో నీళ్ళలో తేలేసి చూడటం నమ్మదగిన పని కాదు. కౌంటర్ ఉన్నది కొనండి. కౌంటర్ లేకపోతే తెరిచిన తేదీ డబ్బా మీద రాయండి: 120 పఫ్‌ల డబ్బా రోజుకు రెండు చొప్పున 60 రోజులు. ఆ తర్వాత ఊపితే చప్పుడొస్తుంది, నొక్కితే తుంపరా వస్తుంది, కానీ అందులో మందు సరిగా ఉండదు. పొయ్యి పక్కన, ఎండలో నిలిపిన కారులో పెట్టకండి.

జలుబు చేస్తే ముక్కు దిబ్బడకు ఫినైల్ఎఫ్రిన్ కలిసిన జలుబు బిళ్ళలు మీ అంతట మీరు వేసుకోవద్దు. ఉప్పునీటి చుక్కలు, ముక్కు కడుక్కోవడం ముందు చేయండి. జ్వరానికి, ఒళ్ళు నొప్పులకు పారాసెటమాల్. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ రకాలు గర్భానికీ కుదరవు, కొందరి ఉబ్బసానికీ కుదరవు.

మృగశిర:
ఇన్ని మందులెందుకండీ, జూన్‌లో కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం ఇస్తారు కదా, అది మింగిస్తే సరి.

ఊపిరి (ఛాతీ వైద్యుడు, వరంగల్):
నమ్మకంతో వెళ్ళేవాళ్ళను నేనేమీ అనను. దానితో ఉబ్బసం తగ్గుతుందన్న శాస్త్రీయ రుజువు లేదు. వేవిళ్ళు, గుండెల్లో మంట ఉన్న గర్భిణికి గొంతులోకి బతికున్న కొర్రమీను పంపడం అసలు వద్దు. ఆ జనంలో, ఆ క్యూలో జలుబు అంటుకోవడం ఇంకో గొడవ.

ఏడో వార్డు (లేబర్ రూమ్ స్టాఫ్ నర్స్, గుంటూరు):
మల్లెతీగ గారూ, ఎకోస్ప్రిన్ అన్నారు కాబట్టి ముందు దాంతో మొదలుపెడతా. బీపీ ముప్పు తగ్గించడానికి అది రాస్తారు, మంచిదే. కానీ ఉబ్బసం ఉన్నవాళ్ళలో కొందరికి ఆస్పిరిన్ పడదు, ముఖ్యంగా ముక్కులో కండలు పెరిగినవాళ్ళకు. బిళ్ళ వేసుకున్న అరగంట నుంచి మూడు గంటల్లోపు ముక్కు కారడం, కళ్ళు ఎర్రబడటం, ఆయాసం రావడం గుర్తు. మీ రాత్రి ఆయాసం ఆ బిళ్ళ మొదలుపెట్టిన తర్వాతే వచ్చిందా, ముందు నుంచీ ఉందా చూసుకోండి. తర్వాతే అయితే గైనిక్ డాక్టర్‌కు వెంటనే చెప్పండి. గతంలో ఆస్పిరిన్, బ్రూఫెన్ ఏ ఇబ్బందీ లేకుండా వేసుకుని ఉంటే భయం అక్కర్లేదు, మీ అంతట మీరు ఆపకండి.

ఇప్పుడు కేస్ షీట్ మొదటి పేజీ మీద ఎర్ర పెన్నుతో రాయించుకోవాల్సినవి. రిజిస్ట్రేషన్ రోజు "ఉబ్బసం ఉంది" అని నోటితో చెబితే చాలదు, కాన్పు రాత్రి డ్యూటీలో వేరేవాళ్ళు ఉంటారు.

ఒకటి, లాబెటలాల్. గర్భిణికి బీపీ పెరిగితే చేయి ముందు దాని మీదకే వెళుతుంది. అది బీటా బ్లాకర్, గాలి గొట్టాలను బిగిస్తుంది. పైగా ఎటాక్ వస్తే సాల్బుటమాల్ పనిని అడ్డుకుంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళకు నిఫెడిపిన్, మిథైల్డోపా ఉన్నాయి.

రెండు, కార్బోప్రోస్ట్. కాన్పయ్యాక రక్తస్రావం ఆగకపోతే ఇచ్చే ఇంజెక్షన్. ఉబ్బసం ఉంటే ఇవ్వకూడదు, గాలి గొట్టాలు ఒక్కసారిగా ముడుచుకుపోవచ్చు. ఆక్సిటోసిన్‌తో ఆ సమస్య లేదు. మిసోప్రోస్టాల్ కూడా సాధారణంగా వాడుకోవచ్చు. మెథర్జిన్ విషయంలో జాగ్రత్త. పేర్లు ఒకే కుటుంబంలా వినిపిస్తాయి గానీ ఈ మందులన్నీ ఊపిరితిత్తుల మీద ఒకేలా పనిచేయవు. నొప్పులు రావడానికి పెట్టే జెల్ మామూలుగా ఇబ్బంది పెట్టదు.

మూడు, స్టెరాయిడ్ బిళ్ళల చరిత్ర. కాన్పుకు ముందు రెండు వారాలకు మించి రోజుకు 7.5 మిల్లీగ్రాముల కన్నా ఎక్కువ ప్రెడ్నిసొలోన్ వాడి ఉంటే, నొప్పుల సమయంలో హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు 6 నుంచి 8 గంటలకోసారి నరానికి ఇవ్వాల్సి వస్తుంది, ఒంట్లో సొంతంగా తయారయ్యేది చాలదు కనుక. పఫ్‌లు మాత్రమే వాడేవాళ్ళకు సాధారణంగా ఇది అక్కర్లేదు.

నొప్పుల్లో ఎటాక్ రావడం అరుదు. రోజువారీ పఫ్ ఆ రోజు కూడా మానకండి, ఇన్‌హేలర్, స్పేసర్ ఆస్పత్రి సంచిలో పైనే పెట్టండి. ఉబ్బసం ఉందని సిజేరియన్ చేయాల్సిన పని లేదు. వేరే కారణంతో చేస్తే వెన్నులో మత్తు మేలు, గొట్టం వేసే పూర్తి మత్తు కన్నా.

ఎటాక్‌తో వచ్చిన గర్భిణిని చూసే మా జూనియర్లు కూడా ఇది చదువుతుంటే: గర్భంలో రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ మామూలుగానే మిగతావాళ్ళ కన్నా తక్కువ, 28 నుంచి 32 (మి.మీ. పాదరసం) ఉంటుంది. ఎటాక్‌లో రిపోర్టు 40 చూసి "నార్మల్" అని పంపేయకండి, ఆవిడ అలసిపోతోందని అర్థం. వెల్లకిలా పడుకోబెట్టకండి.

మల్లెతీగ (ఖమ్మం):
అందరికీ ధన్యవాదాలు. రాత్రి ఫోరాకార్ట్ తీసుకున్నాను. ఆ బిళ్ళల స్ట్రిప్ మీద బీటామెథసోన్ అనే ఉంది. ఎకోస్ప్రిన్‌కు ముందు నుంచే దగ్గు ఉంది. ఇంకో మూడు అడగాలి. ఇంటికి నెబులైజర్ కొనాలా? ఎటాక్ వస్తే ఎంతసేపు ఇంట్లో చూసుకోవచ్చు, ఎప్పుడు బయలుదేరాలి? ఆస్థాలిన్ తీసుకుంటే గుండె దడ వస్తుంది, బిడ్డకు కూడా అలాగే ఉంటుందా?

ఊపిరి (ఛాతీ వైద్యుడు, వరంగల్):
నెబులైజర్ మీకు అక్కర్లేదు. మామూలు ఎటాక్‌లో స్పేసర్‌తో నాలుగు నుంచి ఆరు పఫ్‌లు నెబులైజర్‌లో ఒక సాల్బుటమాల్ రెస్ప్యూల్ (ద్రవ మందు ఉన్న చిన్న ప్లాస్టిక్ గొట్టం) చేసే పనే చేస్తాయి, త్వరగా, కరెంటు లేకుండా. ఇంట్లో మిషన్ ఉంటే ఒక ప్రమాదం ఏమిటంటే, రాత్రంతా రెస్ప్యూల్ మీద రెస్ప్యూల్ పెట్టుకుంటూ తెల్లారేదాకా ఆస్పత్రికి రారు.

ఎటాక్ వస్తే కూర్చోండి, కాస్త ముందుకు వంగి, పడుకోకుండా. ఆస్థాలిన్ స్పేసర్‌తో నాలుగు పఫ్‌లు, ఒక్కొక్కటిగా. 20 నిమిషాల తర్వాత తగ్గకపోతే మళ్ళీ నాలుగు, ఇంకో 20 నిమిషాలకు మళ్ళీ నాలుగు. గంటలో మూడు విడతలు, ఇంట్లో చేయగలిగేది అంతవరకే. అప్పటికీ పూర్తిగా తగ్గకపోయినా, తగ్గి మూడు నాలుగు గంటల్లోపే తిరగబెట్టినా బయలుదేరాలి. ఒక వాక్యం మధ్యలో ఆగకుండా మాట్లాడలేకపోవడం, పెదవులు నీలిబారడం, నాడి నిమిషానికి 120 దాటడం, వేలికి పెట్టే మీటర్‌లో ఆక్సిజన్ 94 కన్నా తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా గంట ఆగక్కర్లేదు, 108కు ఫోన్ చేసి, దారిలో పఫ్‌లు తీసుకుంటూ ఉండండి. 28 వారాల తర్వాత ఆయాసంతో పాటు బిడ్డ కదలిక తగ్గినా అంతే. పఫ్‌లు వేసినా పిల్లికూతలు ఉన్నట్టుండి వినపడకపోతే తగ్గిందనుకోకండి. ఆయాసం అలాగే ఉండి కూత మాత్రం పోయిందంటే గాలి కదలట్లేదన్నమాట.

దడ, చేతులు వణకడం సాల్బుటమాల్‌కు మామూలే, పావుగంట అరగంటలో తగ్గుతుంది. అవసరానికి వాడే మోతాదులతో బిడ్డకు హాని కనిపించలేదు. కాన్పుకు ముందు రెండు రోజుల్లో ఎక్కువ మోతాదులు పడితే మాత్రం పుట్టాక మొదటి 24 గంటలు బిడ్డ చక్కెర చూడాలి, ముఖ్యంగా నెలలు నిండకుండా పుడితే.

ఉబ్బసం కోసమే నాలుగు నుంచి ఆరు వారాలకోసారి రండి, గైనిక్ చెకప్‌తో కలిపి వేసుకుంటే తిరుగుడు తగ్గుతుంది. ఫ్లూ టీకా ఈ సీజన్‌లో వేయించుకోకపోతే దాని గురించి అడగండి, గర్భిణికి ఇచ్చేది చచ్చిన వైరస్ టీకానే.

తంగేడు:
ఖమ్మం అన్నారు కాబట్టి ఒక మాట. మిర్చి దించే రోజుల్లో మార్కెట్ యార్డు వైపు, కల్లాల దగ్గరికి వెళ్ళకండి. ఇంట్లో ఎండుమిరప తాలింపు వేరేవాళ్ళు వేయాలి, కిటికీ తీసి, మీరు వేరే గదిలో ఉండగా. దోమలకు చక్రం బదులు దోమతెర. అగరొత్తులు, హారతి కర్పూరం గదిలో కాకుండా బయట. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా వేడి నీళ్ళలో ఉతికి ఎండేస్తే దుమ్ము పురుగులు తగ్గుతాయి. వయ్యారిభామ కలుపు ఇంటి చుట్టూ ఉంటే పూతకు రాకముందే పీకించండి, మీరు పీకకండి.

గుండెల్లో మంట కూడా రాత్రి దగ్గు తెప్పిస్తుంది. రాత్రి భోజనం ఏడున్నరకల్లా ముగించి, రెండు మూడు గంటలాగి, తల వైపు మంచం కోళ్ళ కింద ఇటుక పెట్టి ఎడమ పక్కకు పడుకోండి. దిండ్లు పేరిస్తే మెడ మాత్రమే వంగుతుంది, మంట తగ్గదు.

ఏడో వార్డు (లేబర్ రూమ్ స్టాఫ్ నర్స్, గుంటూరు):
ఇంట్లోవాళ్ళకు ఇప్పుడే చెప్పి పెట్టండి: కాన్పయ్యాక తలంటు పోసి జుట్టుకు సాంబ్రాణి పొగ పట్టడం, మంచం కింద నిప్పుల కుంపటి పెట్టడం మీకు కుదరవు. బిడ్డకూ ఆ పొగ వద్దు. జుట్టు పొడి తువ్వాలుతో తుడిచి ఎండలో ఆరబెట్టుకుంటే చాలు. పాలిచ్చేటప్పుడు ఫోరాకార్ట్, ఆస్థాలిన్, అవసరమైతే ప్రెడ్నిసొలోన్, అన్నీ వాడుకోవచ్చు. డెరిఫిలిన్ రకం (థియోఫిలిన్ ఉన్న) ఆయాసం బిళ్ళలు వాడుతుంటే బిడ్డ చిరాకుగా, నిద్రపోకుండా ఉందేమో గమనించి పిల్లల డాక్టర్‌కు చెప్పండి. నెల తర్వాత తలంటు హడావుడిలో పొద్దుటి పఫ్ మర్చిపోయేవాళ్ళు చాలామంది, అందుకని ఇన్‌హేలర్‌ను బిడ్డ బట్టల బుట్ట దగ్గరే పెట్టుకోండి, పిల్లలకు అందనంత ఎత్తులో.